ఏ చేత్తో తింటారు?

మా ల్యాబ్‌లో ఒక కాగితం ఉంటుంది. రక్తనాళాల్లోకి సన్నటి తీగలు పంపి చేసే చికిత్సలకు ముందు రోగిని అడిగి నింపాల్సిన కాగితం. వయసు, బరువు, షుగర్ ఉందా, ఏ మందు పడదు, ఇంతకుముందు ఏ ఆపరేషన్లు అయ్యాయి, ఇట్లా రెండు పేజీల గళ్ళు. గళ్ళన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. జవాబులు తెలుగులోనో ఉర్దూలోనో వస్తాయి. మధ్యలో నేనుంటాను. పాతబస్తీలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో క్యాథ్ ల్యాబ్ టెక్నాలజిస్టుని. ఎక్స్‌రే యంత్రం నడపడం, స్కాన్ బొమ్మల మీద రక్తనాళాల కొలతలు తీయడం, డాక్టరు చెయ్యి చాపిన క్షణంలో కావలసిన వస్తువు అందించడం నా పని. నిజానికి కాగితం నింపడం నా పని కాదు. నర్సులు నింపితే తప్పులు వస్తున్నాయని నేనే లాక్కున్నాను.

నాకు తప్పులంటే ఒళ్ళు మంట. ఇంట్లో గోడ గడియారం రెండు నిమిషాలు వెనకబడితే నాకు అన్నం సహించదని మా ఆయన చుట్టాలందరికీ చెప్పి నవ్విస్తుంటాడు. ఆయన ఉద్యోగం కంచన్‌బాగ్‌లో. పెళ్ళైన కొత్తలో గోదావరి వైపు నుంచి వచ్చి సైదాబాద్‌లో దిగాం, అక్కడే ఉండిపోయాం. ఇన్నేళ్ళయినా ల్యాబ్‌లో నన్ను ఆంధ్రా మేడం అనే పిలుస్తారు. నేను గట్టిగా మాట్లాడితే తిడుతున్నానో మామూలుగా అడుగుతున్నానో తెలియదని వార్డ్‌బాయ్‌ల ఫిర్యాదు. చాలాసార్లు తిడుతూనే ఉంటాను.

ఆ కాగితంలో చేతివాటం గడి ఒకటి ఉంది. కుడా, ఎడమా అని. "మీది ఏ చేతివాటం?" అని అడిగితే జనం తెల్లముఖం వేసేవారు. వాటం అంటే ఏమిటో విడమరచి చెప్పేసరికి పది నిమిషాలు. అందుకని నేనొక అడ్డదారి కనిపెట్టాను. "ఏ చేత్తో తింటారు?" అని అడిగేదాన్ని. ఉర్దూవాళ్ళనైతే అదే మాట ఉర్దూలో. ఎవరూ తడుముకోరు, ఠక్కున చెప్పేస్తారు. కొందరు అదేం ప్రశ్న అన్నట్టు నా వంక చూసి, "కుడి చేత్తోనే" అంటారు. నేను కుడి అని రాసుకుని కింది గడికి పోయేదాన్ని. కొత్తగా చేరిన పిల్లలకు కూడా ఇట్లాగే అడగాలని నేర్పాను, కాస్త గొప్పగానే.

ఏళ్ళ తరబడి ఆ గడిలో ఎడమ అని ఒక్కసారి కూడా రాయలేదు. దాని గురించి నేను ఆలోచించలేదు.

ఆయన మా ఆసుపత్రికి నాలుగు వీధుల అవతల ఉండే పాల మనిషి. యాభై అయిదు దాటి ఉంటాయి. తాతల నాటి నుంచి అక్కడే ఇల్లు, ఇంటి వెనక కొట్టం, కొట్టంలో ఎనిమిది బర్రెలు. ఒక సాయంత్రం గడ్డి మోపు దించుతుంటే రెండు భుజాల మధ్య కత్తితో కోసినట్టు నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని సోడా తాగాడు. భార్య వాము నలిపి ఇచ్చింది. పక్కింటాయన వీపు పిసికాడు. నొప్పి నడుములోకి దిగాక ఆటోలో వేసుకుని మా దగ్గరికి తెచ్చారు. వీపు పిసికించుకుని కూడా బతికి వచ్చాడంటే అదృష్టమే.

స్కాన్ తీసింది మా పక్క గదిలో. కొలతలు తీసింది నేను. గుండె నుంచి బయలుదేరి ఒళ్ళంతటికీ రక్తం తీసుకుపోయే పెద్ద ధమని గోడ లోపలి పొర చిరిగింది. కోటు జేబు చిరిగితే చెయ్యి అస్తరులోకి పోతుంది చూడండి, రక్తం అట్లా గోడ పొరల మధ్యకి పోయింది. పోయింది ఊరుకోదు, తోసుకుంటూ కిందికి దారి చేసుకుంటుంది. అసలు దారి నలుగుతుంది, తప్పుడు దారి ఉబ్బుతుంది. పై పొర కూడా పగిలితే నిమిషాల్లో మనిషి పోతాడు. చీలిక గుండెకు ఆనుకుని ఉంటే వెంటనే ఛాతీ ఎముక కోసి ఆపరేషన్ చెయ్యాలి. ఆయనకు గుండెను దాటి, వంపు తిరిగి కిందికి దిగే చోట మొదలైంది. అట్లాంటివాళ్ళను ముందు మందులతో బీపీ దించి కొన్నాళ్ళు చూస్తారు. చూశారు. అయిదో రోజు నొప్పి మళ్ళీ వచ్చింది. రెండో స్కాన్‌లో తప్పుడు దారి ఇంకా వెడల్పయింది. స్టెంట్ వెయ్యాలని నిర్ణయించారు.

ఐసీయూలోకి కాగితం తీసుకుని వెళ్ళాను. ఆయన కళ్ళు మూసుకుని పడుకుని ఉన్నాడు. కాళ్ళ దగ్గర భార్య నిలబడి ఉంది, సన్నగా, కొంగు నడుముకు దోపుకుని.

"పనేం చేస్తారు?"

"పాల బిజినెస్ మేడం," అన్నాడు ఆయనే.

మా బస్తీలో అందరిదీ బిజినెస్సే. బిజినెస్ అనే రాశాను.

"ఏ చేత్తో తింటారు?"

ఆయన కళ్ళు తెరిచాడు. "గదేం సవాలు మేడం? కుడి చేత్తోనే. మనుషులం గద."

ఆ మాటకు భార్య తల ఎత్తి ఏదో అనబోయి ఆగింది. మళ్ళీ తల దించుకుంది. నేను చూశాను. చూసి, కుడి అని రాశాను. ఆయనకు చదువు లేదు, సమ్మతి పత్రం మీద వేలిముద్ర వేశాడు. మగవాళ్ళు ఎడమ బొటనవేలే వెయ్యాలి కాబట్టి ఎడమ చేతికి ఇంకు పూసి వేయించాను. ఆ చెయ్యి గట్టిగా, వేళ్ళు లావుగా ఉన్నాయి. అది కూడా చూశాను.

మా సర్జన్ మాటలు పొదుపుగా వాడే మనిషి. ప్లానింగ్ అంటే స్కాన్ బొమ్మ ముందు ఆయనా, మత్తు డాక్టరూ, నేనూ టీ గ్లాసులతో నిలబడడమే. స్టెంట్ గ్రాఫ్ట్ అంటే బట్ట తొడిగిన లోహపు జాలీ గొట్టం. ముడిచిన గొడుగులా సన్నగా ఉంటుంది. తొడ దగ్గరి నాళంలోంచి పైకి పంపి, చిరుగుకు ఎదురుగా తెరిస్తే, చిరుగు మూసుకుని రక్తం మళ్ళీ అసలు దారిన పడుతుంది. ఛాతీ కొయ్యనక్కర్లేదు. కానీ గొట్టం జారిపోకుండా పట్టుకోవడానికి చిరుగుకు పైన రెండు సెంటీమీటర్లయినా మంచి గోడ కావాలి. ఈయనకు ఎడమ చేతికి పోయే కొమ్మ కిందే, ఒక్క సెంటీమీటరు దూరంలో చిరుగు మొదలైంది. గొట్టం పెడితే ఆ కొమ్మ నోరు మూసుకుపోతుంది.

చెయ్యి చచ్చుబడదు. మెడ వెనక నుంచి పక్క దార్లలో కొంత రక్తం వస్తుంది, మామూలు పనులకు సరిపోతుంది. బరువు పనికి చాలకపోవచ్చు. చెయ్యి ముఖ్యమనుకుంటే ముందు మెడలోని నాళం నుంచి చేతి నాళానికి చిన్న గొట్టం కలిపి బైపాస్ చేసి, తర్వాత స్టెంట్ వేస్తారు. అది ఇంకో ఆపరేషన్. పక్షవాతం వచ్చే ప్రమాదం కొంచెం ఉంటుంది.

"లెఫ్ట్ హ్యాండరా?" అన్నాడు సర్జన్ బొమ్మ మీంచి కళ్ళు తిప్పకుండా.

"కాదు సార్. రైట్."

"పని?"

"మిల్క్ బిజినెస్."

"అయితే బైపాస్ లేకుండా డైరెక్టుగా వెళ్దాం."

నా గ్లాసులో టీ ఇంకా సగం ఉంది.

మర్నాడు పొద్దున చేశాం. తొడ దగ్గర నుంచి తీగ పైకి పోయింది. ఇందులో అన్నిటికంటే జాగ్రత్త ఆ తీగ దగ్గరే. అది అసలు దారిలోనే ఉందని ప్రతి మలుపులో చూసుకోవాలి, తప్పుడు దారిలో గొట్టం తెరిస్తే అంతే సంగతులు. ఎక్స్‌రేలో నాళాలు కనపడే మందు లోపలికి కొట్టి, బొమ్మ తీసి, సరిపోల్చి, మళ్ళీ మందు కొట్టి చూశాం. గొట్టం తెరిచే ముందు మత్తు డాక్టరు బీపీని బాగా కిందికి దించాడు, రక్తం తోసే జోరుకి గొట్టం కదిలిపోకుండా. సర్జన్ పిడి తిప్పాడు. తెర మీద జాలీ ఒక్కొక్క వరసే విచ్చుకుంది. మందు మళ్ళీ కొడితే అసలు దారి నిండా నల్లగా పారింది, తప్పుడు దారిలోకి చుక్క పోలేదు. రెండు మణికట్లలోనూ బీపీ చూపే లైన్లు ముందే పెట్టి ఉంచాం. కుడిది అట్లాగే ఉంది. ఎడమది గీత చదునై, సగానికి పడిపోయింది. అది అనుకున్నదే. ఎడమ మణికట్టు మీద వేళ్ళు పెట్టి చూశాను. నాడి అందలేదు. చెయ్యి వెచ్చగానే ఉంది.

అయిదో రోజు ఇంటికి పంపాం. బరువులు ఎత్తొద్దు, బీపీ మాత్ర మానొద్దు, బీపీ ఎప్పుడూ కుడి చేతికే చూపించుకోవాలి, ఎడమ చేతిలో చూస్తే తక్కువ చూపించి మోసం చేస్తుంది అని నేనే రెండుసార్లు చెప్పాను. గడ్డి మోపులు ముట్టనన్నాడు. పాలు పిండుకోవచ్చా అని అడిగాడు. సర్జన్ పిండుకోవచ్చన్నాడు.

రెండు నెలలకు మళ్ళీ స్కాన్‌కు వచ్చారు. బొమ్మ ఎంత బాగా వచ్చిందంటే నా భుజం నేనే తట్టుకున్నాను. తప్పుడు దారిలో రక్తం గడ్డకట్టి ముడుచుకుపోతోంది, అసలు దారి విప్పారింది. చెయ్యి ఎట్లా ఉందని సర్జన్ అడిగితే "మంచిగుంది సార్, ఏం ఫికర్ లేదు" అన్నాడు. ఆయన మందుల కౌంటర్ వైపు వెళ్ళగానే భార్య వెనక్కి వచ్చి నా మోచెయ్యి పట్టుకుంది.

"మేడం, ఒక్క మాట. ఆయన ముందల అనొద్దు. ఎడమ చేతికి రక్తం మళ్ళ ఎక్కియ్యొస్తదా?"

"చెయ్యి బాగుందన్నారుగా ఇప్పుడే?"

"ఆయన గట్లనే అంటడు. పొద్దుగాల పాలు పిండేటప్పుడు నేను కొట్టం బయట క్యాన్లు పట్టుకొని నిలబడ్త. లోపలి సప్పుడు ఇనొస్తది. ఇంతకుముందు గిన్నె నిండేదాంక సప్పుడు ఆగకపోతుండె. ఇప్పుడు సగం గిన్నెకే ఆగుతది. మస్తు సేపు ఆగుతది. మళ్ళ మొదలైతది, మళ్ళ ఆగుతది. బయటికొచ్చి బర్లు పాలు ఇస్తలేవంటడు. ఇంగ బర్లను అమ్ముతనంటుండు మేడం. డాక్టర్ వద్దన్నడని అందరికి చెప్తడట."

"ఎడమ చెయ్యేగా అలిసిపోతుంది? కుడి చేత్తో పిండొచ్చుగా?" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చాక కూడా నాకు వెలగలేదు.

ఆమె చుట్టూ చూసింది. "ఆయనది ఎడమ చెయ్యే మేడం. కుడి చేతిల గిన్నె పట్టుకుంటడు. పిండేది మొత్తం ఎడమదే."

"కుడి చేత్తో తింటానన్నారు కదా!"

"తినేది కుడి చేత్తోనే గద. ఎవ్వలైనా గంతే గద."

నాకు తల కొట్టేసినట్టయింది. ఎడమ చేతివాటం ఉన్నా, ఈ ఊళ్ళో గానీ మా ఊళ్ళో గానీ, ఎవరైనా అన్నం కుడి చేత్తోనే తింటారు. పసితనంలో ఎడమ చెయ్యి కంచంలో పెడితే అమ్మ చెయ్యి తీయించి కుడి చెయ్యి పెట్టిస్తుంది, వినకపోతే ఒకటి వేస్తుంది. మా పెద్దక్క నా ముందే దెబ్బలు తిని మార్చుకుంది. నేను ఇన్నేళ్ళు అడిగింది చేతివాటం కాదు, పెంపకం. అందులో అందరూ పాసయ్యారు. తప్పులు రాకూడదని కాగితం లాక్కున్నదాన్ని, పప్పులో కాలేసి, దాన్ని పదిమందికి నేర్పాను.

"ఆ రోజు నేను అడుగుతుంటే మీరక్కడే ఉన్నారు. ఎందుకు చెప్పలేదు?" నా గొంతు లేచింది. సిగ్గు వేసినప్పుడు నాకు ఎదుటివాళ్ళ మీద కోపం వస్తుంది.

ఆమె భయపడలేదు. మెల్లగా చెప్పుకొచ్చింది. వాళ్ళ పాలు రెండు గుళ్ళకు అభిషేకానికి పోతాయి. నోములు పట్టే ఇళ్ళకు పోతాయి. ఎడమ చేత్తో పిండారంటే ఎవరూ ముట్టరని, పిండేటప్పుడు తలుపు వేసుకోమని వాళ్ళ మామగారు కొడుక్కి చిన్నప్పుడే చెప్పాడట. అప్పటి నుంచి ఆ తలుపు పిండినంతసేపూ మూసే ఉంటుంది.

"లగ్గమైనంక నాకు గూడ చెప్పలే. కొత్తోళ్ళను చూస్తె బర్లు బెదురుతయి, లోపలికి రావొద్దన్నడు. మొదటేడే రేకు సందులకెళ్ళి చూసిన. అడగలే. ముప్పై ఏండ్లాయె."

"ఎందుకు అడగలేదు?"

"ఏమని అడగాలె మేడం? ఆయన దాసుకున్నడు." ఆమె కౌంటర్ వైపు చూసి గొంతు ఇంకా తగ్గించింది. "బర్లు లేకపోతె ఆయన ఉండడు. నాకు ఎర్కున్నదని తెలిస్తె గూడ ఉండడు. ఆయన నోటితోని చెప్పకుండ చెయ్యి మంచిగయ్యె దారి ఏమన్న ఉంటె చూడుండ్రి."

రెండు రోజులు నేను ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగం పోతుందన్న భయం ఒకటి, ఇప్పుడు చెప్పి ప్రయోజనమేమిటన్న సాకు ఒకటి. మొదటి రోజు ఆమె మీద కోపంతో గడిచింది. అడిగితే చెప్పొద్దూ, నోరు లేదా అనుకున్నాను. రెండో రోజు ఇంకో రోగిని ఐసీయూలో అదే ప్రశ్న అడగబోయి, కాగితం పట్టుకుని నిలబడిపోయాను. అప్పుడు సర్జన్ గదికి వెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను, చేతివాటం సంగతి బయట మాట్లాడొద్దని కూడా చెప్పాను.

ఆయన కాగితం తెప్పించి చూశాడు. "ఏమని అడుగుతావు?"

చెప్పాను. ఆయన నవ్వలేదు. కాసేపు తన చేతులు తాను చూసుకున్నాడు. "ఎన్నేళ్ళ నుంచి?"

అదీ చెప్పాను.

"ఇకముందు సరిగ్గా అడుగు. బైపాస్ ఇప్పుడైనా చెయ్యొచ్చు, కష్టం కాదు. కానీ బాగుందంటున్న మనిషి మెడ నేను కొయ్యలేను. చెయ్యి పనిచెయ్యట్లేదని ఆయన అనాలి."

అనడు. అది నాకు తెలుసు. అందుకని వారం తర్వాత, స్టెంట్ వేసినవాళ్ళందరికీ చేసే పరీక్ష అని చెప్పి ఆయన్ని పిలిపించాను. అట్లాంటి నియమమేమీ లేదు. కుర్చీలో కూర్చోబెట్టి, రెండు చేతుల్లో రెండు రబ్బరు బంతులు పెట్టి, నేను ఆపమనేదాకా నొక్కుతూనే ఉండమన్నాను. భార్య గోడ పక్కన నిలబడింది. కుడి చెయ్యి ఆడుతూనే ఉంది. ఎడమది మొదట కుడిదానికంటే జోరుగా నొక్కింది, ఒక నిమిషం దాటగానే నెమ్మదించింది, వేళ్ళు పాలిపోయాయి, చివరికి బంతి చేతిలోంచి జారి కింద పడింది. ఆయన దానివైపు చూడలేదు.

"నొప్పిగా ఉందా?"

"జెర గుంజుతది. ఎడమదే గద మేడం. ఎడమదాన్తోని ఏం పని?"

గోడ పక్కన భార్య కొంగు సర్దుకుంటూ ఉంది. ఆయన ఆమె వైపు ఒకసారి చూసి మళ్ళీ నా వైపు తిరిగాడు. నా మీద నాకు వేసిన అసహ్యం ఇంతా అంతా కాదు. ఇంత కష్టపడి దాచుకున్న మనిషిని నేను రబ్బరు బంతితో దొరకబుచ్చుకుంటున్నాను.

"పాలు పిండేవాళ్ళకు రెండు చేతులూ కావాలి," అన్నాను. "ఎవరికైనా సరే. ఒక చేత్తో పని జరగదు."

"ఎవ్వలికైనా?"

"ఎవరికైనా."

ఆయన బంతి తీసుకోవడానికి వంగాడు, బరువులు ఎత్తొద్దన్నది గుర్తొచ్చినట్టు మధ్యలో ఆగాడు, తర్వాత తనకు తానే నవ్వుకుని తీసి నా చేతిలో పెట్టాడు. "అయితే సార్‌తోని చెప్పుండ్రి. రెండు చేతుల పని గద, ఒక్కటి సక్కగ లేదని."

సర్జన్‌కు అంత చాలు.

కాగితం మళ్ళీ కొత్తగా నింపాలి. పాతదాంట్లోంచి చూసి రాస్తే కుదరదు, గడి గడీ అడగాలి. భార్య మంచం పక్కనే ఉంది. ఆమెను బయటికి పంపుదామంటే అనుమానం వస్తుంది. చేతివాటం దగ్గరికి వచ్చేసరికి నేను ఇప్పుడు అడగాల్సినట్టే అడిగాను.

"పని ఏ చేత్తో చేస్తారు?"

"కుడే," అన్నాడు, రెప్ప వెయ్యకుండా.

భార్య కిటికీలోంచి బయటికి చూస్తోంది. నేను గడిలో ఎడమ అని రాశాను. ఇంగ్లీషు అక్షరం ఒక్కటే, ఆయన చదవలేడు. అంటే సరిగ్గా అడిగినా తప్పే రాసి ఉండేదాన్ని అనుకున్నాను. అది నాకు కొంచెం ఊరటగా అనిపించింది, ఊరటగా అనిపించినందుకు సిగ్గు కూడా వేసింది.

బైపాస్ రెండున్నర గంటలు పట్టింది. కాలర్ ఎముకకు పైన చిన్న కోత. మెడలో పోయే నాళానికీ చేతి నాళానికీ మధ్య గొట్టం కుట్టి, పట్టకార్లు వదలగానే తెర మీద ఎడమ చేతి గీత లేచి నిలబడింది. నేను చేతి తొడుగులతోనే ఎడమ మణికట్టు పట్టుకున్నాను. నాడి వేళ్ళకు తగిలింది. మాస్కులో ఉన్నాను కాబట్టి సరిపోయింది, ఏడుస్తున్నానని ఎవరికీ తెలియలేదు. ల్యాబ్‌లో నేను ఏడవడం అదే మొదలు.

రెండో రోజు పొద్దున చెయ్యి చూద్దామని వార్డుకు వెళ్ళాను. ఆయన పడుకుని ఉన్నాడు, కళ్ళు మూసుకుని. డ్యూటీ మారుతున్న వేళ. ఒక నర్సు కేసు షీట్ చదువుతూ ఇంకో నర్సుకు ఒప్పజెబుతోంది. చదువుతూ చదువుతూ నా కాగితం దగ్గర ఆగి, గట్టిగా, వార్డంతా వినపడేట్టు అంది.

"అరె, ఈయనది ఎడమచేతి వాటమని రాసుంది. మరి సూది ఎడమ చేతికి పెట్టిండ్రేంది? కుడి చేతికి మార్చాలె."

ఇట్లా జరుగుతుందని నాకు తట్టనే లేదు. ఆయన చదవలేడన్నది చూసుకున్నాను గానీ, చదివి వినిపించేవాళ్ళుంటారన్నది చూసుకోలేదు. ఆయన ముఖం కదలలేదు. మూసుకున్న కళ్ళు మాత్రం ఇంకా బిగుసుకున్నాయి.

భార్య మంచం అవతలి నుంచి గబగబా వచ్చింది. "ఎడమ గాదు, ఏం గాదు. తప్పు రాసిండ్రు. కొట్టేయ్ బిడ్డా దాన్ని."

"మేడం రాసిన కాగితమమ్మా. మేడం తప్పు రాయదు," అంది నర్సు, నా వైపు చూస్తూ.

భార్య కూడా నా వైపు చూసింది.

"తప్పే రాశాను," అన్నాను. "కొట్టేయ్."

నర్సు నోరు వెళ్ళబెట్టి, పెన్ను తీసి కొట్టేసింది. ఆ మొత్తం కాగితంలో కష్టపడి సంపాదించిన నిజం అదొక్కటే. భార్యను మందులు తెమ్మని చీటీ ఇచ్చి కిందికి పంపి, నర్సులిద్దరూ పక్క మంచానికి వెళ్ళిపోయారు. నేను ఆయన ఎడమ మణికట్టు పట్టుకుని నాడి చూస్తున్నాను. బాగా కొట్టుకుంటోంది.

"మేడం," అన్నాడు కళ్ళు తెరవకుండా. "మీరు రాసింది తప్పు గాదు."

నా వేళ్ళు నాడి మీదే ఉన్నాయి.

"మీకు చెప్పిందెవ్వలు? ఎర్కున్నది మా బాపుకు ఒక్కనికే. బాపు పోయి పదేండ్లాయె. బర్లొచ్చి చెప్పయి."

చెయ్యి వదిలేద్దామనుకున్నాను, వదల్లేకపోయాను. ఆయన కళ్ళు తెరిచి నన్ను చూశాడు. నా ముఖంలో ఏం కనపడిందో గానీ, చాలాసేపు అట్లాగే చూశాడు.

"ఆమెకు ఎప్పటి సంది ఎర్క?"

ఇంకో అబద్ధం ఆడొచ్చు. ఒక్క పొద్దుటిపూట రెండు అబద్ధాలు ఆడడం నా చేత కాలేదు. "పెళ్ళైన మొదటి ఏడాది నుంచి," అన్నాను. "రేకు సందులోంచి చూసిందట."

ఆయన మణికట్టు నా వేళ్ళ కిందే ఉంది, కాబట్టి నాడి ఎంత జోరుగా కొట్టుకోవడం మొదలుపెట్టిందో నాకు తెలిసింది. ముప్పై ఏళ్ళ పొద్దుటిపూటలు, చలికాలం, వానాకాలం, క్యాన్లు పట్టుకుని ఆమె తలుపు బయట నిలబడి ఉండడం ఆయనకు ఇప్పుడు కనపడుతున్నట్టుంది. కళ్ళ వెంట నీళ్ళు చెవుల్లోకి కారుతున్నా తుడుచుకోలేదు.

"అన్నీ ఎర్కై," అన్నాడు, "మరి ఇన్నేండ్లు బయట ఎందుకు నిలబడ్డది?"

చెయ్యి మెల్లగా దుప్పటి మీద పెట్టి లేచాను. ఆమె అప్పటికే మందుల పొట్లంతో వచ్చేసింది. నేను ఆయనతో మాట్లాడుతున్నానని లోపలికి రాకుండా వార్డు తలుపు అవతల నిలబడి ఉంది. నేను బయటికి వెళ్ళి, మీ ఆయన మిమ్మల్ని లోపలికి రమ్మంటున్నారని చెప్పాను. ఆయన ఆ మాట అనలేదు.